బియ్యంలో రాసిన పేరు

ఆర్మూరుకు దగ్గర్లో, పసుపు బాగా పండే ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు. ఆయనకు ఒక్కడే కొడుకు. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళ నుంచి గల్ఫ్‌కు పోయినట్టే ఆ కొడుకూ దుబాయి పోయాడు. మొదట్లో సామాన్లు మోసే పని చేసినా, నాలుగక్షరాలు చదువుకున్నవాడు కాబట్టి కొన్నేళ్ళకు ఒక కంపెనీలో స్టోర్‌కీపరు అయ్యాడు. జీతం పెరిగింది. భార్యను తీసుకుపోయే వీసా వచ్చింది. పెళ్ళయిన ఏడాదికి ఆమె కూడా అక్కడికే చేరింది.

కొన్నాళ్ళకు ఆమె నెల తప్పింది. తొలికాన్పు పుట్టింట్లో జరగడం మేలని ఇరువైపుల పెద్దలూ తీర్మానించారు. ఏడో నెల దాటితే విమానంవాళ్ళు డాక్టరు చీటీ అడుగుతారు, నెలలు నిండాక అసలు ఎక్కనివ్వరు. అందుకని ఏడో నెల ఉండగానే భర్త ఆమెను హైదరాబాదు విమానం ఎక్కించాడు. పంపేటప్పుడు ఒక సంగతి పదే పదే గుర్తుచేశాడు. అక్కడి నివాస వీసా ఉన్నవాళ్ళు ఆరు నెలలకు మించి దేశం బయట ఉండిపోతే ఆ వీసా చెల్లకుండా పోతుంది. ఆ ఆరు నెలల్లోనే కాన్పు కావాలి, బిడ్డకు పాస్‌పోర్టు రావాలి, దాని మీద వీసా రావాలి, తల్లీబిడ్డా తిరిగి వచ్చి చేరాలి.

వచ్చిన రెండున్నర నెలలకు నిజామాబాదులో ఒక ఆసుపత్రిలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. రెండు ఊళ్ళలోనూ మిఠాయిలు పంచారు. తాతలిద్దరూ ఆసుపత్రి వరండాలోనే ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

ఆ సందడిలోనే ఆసుపత్రివాళ్ళు ఒక కాగితం తెచ్చి ఇచ్చారు. బిడ్డ పుడితే 21 రోజుల్లోపు ఆ పుట్టుక సర్కారు రిజిస్టరులోకి ఎక్కాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ సంగతి ఆసుపత్రివాళ్ళే పంపిస్తారు, కానీ వివరాలు ఇంటివాళ్ళు రాసివ్వాలి. తల్లి ఇంకా మంచం దిగలేదు. కాగితం మేనమామ చేతికి వచ్చింది. అతను చెల్లెలి మీద ప్రాణం పెట్టుకున్నవాడు. చిన్నప్పటి నుంచి ఇంట్లో అందరూ ఆమెను ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే తల్లి పేరు గడిలో రాశాడు. బళ్ళో రాయించిన పేరు, పాస్‌పోర్టులో ఉన్న పేరు వేరు. తండ్రి పేరు దగ్గర ఇంటిపేరుకు బదులు ఒక్క పొడక్షరం పెట్టి, చుక్క పెట్టాడు. బిడ్డ పేరు ఇంకా అనుకోలేదు కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలాడు. పేరు లేకుండా కూడా పుట్టుకను నమోదు చేస్తారు, ఏడాదిలోపు రుసుము లేకుండానే పేరు చేర్పించుకోవచ్చు. కాగితం వెళ్ళిపోయింది. దాని సంగతి అందరూ మరిచిపోయారు.

21వ రోజున బిడ్డను తొట్టెలలో వేశారు. బంధువులంతా వచ్చారు. తొట్టెలకు మామిడాకులు కట్టారు. పళ్ళెంలో బియ్యం పోసి, అరచేత్తో చదును చేసి, పేరు రాయడానికి బంగారు ఉంగరం పక్కన పెట్టారు. తండ్రి రాయాల్సిన పేరు. తండ్రి దుబాయిలో ఉన్నాడు. అతని బదులు ఎవరు రాయాలన్న మాట అక్కడ వచ్చింది.

తండ్రి తరఫు తాత ఉంగరం అందుకుని, కాలం చేసిన తన తల్లి పేరు రాశాడు. ఆమె కష్టపడి కూడబెట్టిన పొలం వల్లనే తమ ఇల్లు నిలబడింది. ఆ పేరు తన వంశంలో మళ్ళీ వినపడాలని ఆయన చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాడు. అది చూసి తల్లి తరఫు తాత ముఖం చిన్నబోయింది. కూతురికి నెల తప్పిందని తెలిసిన రోజే ఆయన ధర్మపురి గుడికి వెళ్ళి, కాన్పు సుఖంగా జరిగితే బిడ్డకు ఆ స్వామి పేరు కలిసేటట్టు పెడతానని మొక్కుకుని వచ్చాడు. ఆయన పళ్ళెం ముందుకు జరుపుకుని, బియ్యం చదును చేసి, తన మొక్కు పేరు రాశాడు. మొదటి తాత మళ్ళీ చదును చేశాడు. రెండో తాత మళ్ళీ రాశాడు. రాసిన ప్రతిసారీ బియ్యం చక్కగా పేరును చూపించింది, చెయ్యి తగిలిన ప్రతిసారీ ఏమీ లేనట్టు సర్దుకుంది. భోజనాల వేళ దాటిపోయింది. చివరికి పేరు తేలకుండానే చుట్టాలు అన్నాలు తిని వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఆ బిడ్డకు ఒక ఇంట్లో ఒక పేరు, ఇంకో ఇంట్లో ఇంకో పేరు. ఇద్దరు తాతలకూ బిడ్డ మీద ప్రేమకు కొదవ లేదు. ఒకాయన వెండి మొలతాడు చేయించాడు, ఒకాయన కాళ్ళకు కడియాలు చేయించాడు. కానీ వియ్యంకుల మధ్య మాటలు తగ్గాయి. మధ్యవర్తులు రెండు పేర్లూ కలిపి పెట్టమన్నారు. కలిపితే ఏ పేరు ముందుండాలన్న దగ్గర ఆ రాజీ కూడా ఆగిపోయింది. తల్లి ఎవరినీ నొప్పించలేక ఊరుకుంది. తండ్రి రోజూ ఫోన్ చేసి పాస్‌పోర్టు సంగతి అడిగేవాడు. పేరు తేలగానే అవుతుందని ఇంట్లోవాళ్ళు జవాబు చెప్పేవారు. అలా ఒక నెల గడిచింది, మరో నెల దగ్గరపడింది.

పసిపిల్లకు వేరే పాస్‌పోర్టు ఎందుకని మొదటి తాతకు ఒక సందేహం ఉండేది. వెనకటి రోజుల్లో పిల్లల పేర్లు తల్లి పాస్‌పోర్టులోనే ఎక్కించడం ఆయన చూశాడు. ఆ పద్ధతి పోయిందని, ఇప్పుడు పొత్తిళ్ళలో ఉన్న బిడ్డకైనా తన పాస్‌పోర్టు తనకు ఉండాల్సిందేనని కొడుకు ఫోన్‌లో చెప్పాకే ఆయనకు కంగారు మొదలైంది. ఆ కంగారులో ఆయన పట్నంలో ఒక ఏజెంటును పట్టుకున్నాడు. వారంలో పని చేయించి పెడతానని ఏజెంటు డబ్బు తీసుకున్నాడు. తాత చెప్పిన పేరు బిడ్డ పేరుగా పెట్టి, తోచిన వివరాలతో ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అపాయింట్‌మెంటు తీసుకున్నాడు.

ఆ రోజు తల్లి బిడ్డను ఎత్తుకుని వెళ్ళింది. మొదటి కౌంటరు దగ్గరే పని ఆగిపోయింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే చెల్లుతుంది. ఆ పత్రంలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంది. తల్లి పేరు ఆమె పాస్‌పోర్టుతో కలవలేదు. తండ్రి పేరు సగమే ఉంది. తండ్రి దేశంలో లేడు, అతని ఒప్పుకోలు కాగితమూ లేదు. కౌంటరులో ఉన్న అమ్మాయి కసురుకోలేదు. ఏది ఏ కాగితంతో కలవడం లేదో వేలు పెట్టి ఒక్కొక్కటిగా చూపించింది, ఏమేం సరిచేసుకుని రావాలో ఒక చీటీ మీద రాసిచ్చింది. తల్లి ఎండలో బిడ్డను కొంగు కింద దాచుకుని బస్సెక్కింది. వీసా గడువుకు ఇంక నెలన్నర మాత్రమే మిగిలింది.

ఆ సాయంత్రం వియ్యంకులిద్దరూ చాలా రోజుల తర్వాత ఒకే వాకిట్లో కూర్చున్నారు. తప్పు ఎవరిదన్న వాదన మొదలైంది. ఒకరు మేనమామను అన్నారు, ఒకరు ఏజెంటును అన్నారు, ఇద్దరూ ఒకరినొకరు అనుకున్నారు. అంతవరకూ ఈ విషయంలో ఒక్క మాటా మాట్లాడని మనిషి ఆ ఇంట్లో ఒకరున్నారు. బిడ్డకు నాయనమ్మ. ఆమె లోపలికి వెళ్ళి, సందూకలోంచి ఒక పాత గుడ్డ మూట తెచ్చి, అందరి ముందూ నేల మీద విప్పింది.

అందులో ఆమె కాగితాలున్నాయి. రేషన్ కార్డు మీద పుట్టింట్లో పిలిచిన పేరుంది. ఓటరు కార్డు మీద పెళ్ళయ్యాక అత్తగారు మార్చి పెట్టిన పేరుంది. ఆధార్ కార్డు మీద ఆ రెండో పేరే ఉంది కానీ ఒక అక్షరం తప్పుగా పడింది. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి, రాసుకున్నవాళ్ళు జనవరి 1 అని వేశారు. బ్యాంకు పుస్తకం మీద ఇంటిపేరు పుట్టింటిది, కరెంటు బిల్లు మీద అత్తింటిది. ఆమె ఆ కార్డులను వరుసగా పేర్చింది. చూస్తే అవి ఒక మనిషివి కావు, ముగ్గురు నలుగురు ఆడవాళ్ళవి.

వాటి వెనుక సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే, కాకపోతే ఎవరూ దాన్ని అంతసేపు చూడలేదు. కోడలికి నెల తప్పినప్పుడు కొడుకు మొదట అనుకున్నది వేరు. తల్లినే దుబాయి పిలిపించుకుని, కాన్పు అక్కడే చేయించాలనుకున్నాడు. ఆ పాస్‌పోర్టు కోసం ఆమె ఎండనపడి తిరిగింది. ఒక కాగితం ఇంకో కాగితంతో కలవక అది రాలేదు. కొడుకు పనిచేసే ఊరు ఎలా ఉంటుందో ఫోన్ తెరలో తప్ప ఆమె చూడలేదు. కోడలు చూలాలిగా ఒంటరిగా ప్రయాణం చేయాల్సి వచ్చిందీ అందుకే. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్న ఆచారం ఆ తర్వాత గుర్తుకొచ్చిన మాట. ఆమె కాగితాల మీద రాతలు రాసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒకరు ముద్దుకొద్దీ రాశారు, ఒకరు పెత్తనంకొద్దీ రాశారు, ఒకరు తొందరలో రాశారు. రాసినవాళ్ళకు ఆ తర్వాత వాటితో పని పడలేదు. ఆమెకు ముప్పై నలభై ఏళ్ళుగా పడుతూనే ఉంది.

నాయనమ్మ ఆ కార్డుల పక్కనే పొత్తిళ్ళలో ఉన్న మనవరాలిని పడుకోబెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

తాతలిద్దరూ చాలాసేపు ఏమీ అనలేదు. పొద్దు గుంకాక మొదటి తాత కొడుక్కి తానే ఫోన్ చేశాడు. బిడ్డ పేరు తల్లీతండ్రీ కలిసి తేల్చుకోవాలని, అది ఏదైనా తమకు సమ్మతమేనని చెప్పాడు. రెండో తాత అక్కడే కూర్చుని తలూపాడు. తన మొక్కును స్వామి దగ్గరే వేరే విధంగా చెల్లించుకుంటానని ఆయన అప్పటికే మనసులో అనుకున్నాడు.

ఆ రాత్రి భార్యాభర్తలు ఫోన్‌లో మాట్లాడుకుని పేరు తేల్చారు. పలకడానికి తేలిక, రాయడానికి తేలిక, రెండు చోట్ల రెండు రకాలుగా రాసే వీలు లేని పేరు. ఇంటిపేరు పొడక్షరంగా కాక పూర్తిగా ఉండాలని, పాస్‌పోర్టు దరఖాస్తులో దాని గడిలో అది, పేరు గడిలో పేరు విడివిడిగా పడాలని తండ్రి పట్టుబట్టాడు. దానికి కారణం ఉంది. ఒకే పేరు ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్ళను 2022 నవంబరు నుంచి ఎమిరేట్స్‌లో దిగనివ్వకుండా ఆపారు. తన తోటి పనివాడి తల్లి ఆ ఒక్క ఖాళీ గడి వల్ల విమానాశ్రయం నుంచే వెనక్కి వెళ్ళిపోవడం అతను చూశాడు.

మరునాడు పొద్దున్నే మేనమామ చెల్లెలి పాస్‌పోర్టు, బావ పాస్‌పోర్టు నకలు పట్టుకుని జనన నమోదు కార్యాలయానికి వెళ్ళాడు. రిజిస్టరులో ఒకసారి పడిన అక్షరాన్ని చెరపడానికి చట్టం ఒప్పుకోదు. తప్పు ఉన్నదున్నట్టే ఉంచి, పక్కన మార్జిన్‌లో సరైనది రాసి, తేదీ వేసి, అధికారి సంతకం పెట్టాలి. ఒక్క నిమిషంలో తాను రాసిన దాన్ని దిద్దించడానికి అతను ఎన్నోసార్లు తిరిగాడు. విసుక్కోలేదు. చివరికి తల్లి పేరు, తండ్రి పేరు వాళ్ళ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే పడి, బిడ్డ పేరు చేరిన కొత్త పత్రం వచ్చింది. దాన్ని ఇంటికి తెచ్చాక ముగ్గురు వేర్వేరుగా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు.

ఈలోగా దుబాయిలో తండ్రి ఒక పూట సెలవు పెట్టి భారత కాన్సులేటుకు వెళ్ళాడు. తన కూతురికి పాస్‌పోర్టు ఇవ్వడానికి సమ్మతమేనని ప్రమాణ పత్రం మీద అధికారి ఎదుట సంతకం చేసి, దాన్ని ఊరికి వస్తున్న ఒకరి చేతికిచ్చి పంపాడు. ఇక్కడ తల్లి తన వంతుగా అనుబంధం డి నింపింది. బిడ్డ మైనరు కాబట్టి ఆ బిడ్డ గురించి దరఖాస్తులో ఉన్న ప్రతి మాటకూ పూచీ తమదేనని తల్లిదండ్రులు ఒప్పుకునే పత్రం అది. నింపడానికి ఆమెకు ఒక పూట పట్టింది. ప్రతి గడి దగ్గరా ఆగి, తన పాస్‌పోర్టు తెరిచి చూసి, ఆ తర్వాతే రాసింది.

ఫోటోకు ఇంకో పూట పట్టింది. నాలుగేళ్ళ లోపు పిల్లలకు కేంద్రంలో ఫోటో తీయరు, ఇంటి నుంచే తీసుకెళ్ళాలి. నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, వెనక తెలుపు, ముఖం సూటిగా, కళ్ళు తెరిచి ఉండాలి. మంచం మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి బిడ్డను పడుకోబెట్టారు. కళ్ళు తెరిస్తే తల తిప్పింది, తల నిలిపితే కళ్ళు మూసింది. నుదుటి మీద, బుగ్గ మీద ఉన్న దిష్టి చుక్కలను నాయనమ్మ తానే తడిగుడ్డతో తుడిచింది.

ఈసారి దరఖాస్తు తల్లి స్వయంగా నింపింది. మైనరు పాస్‌పోర్టు రుసుము 1,000 రూపాయలు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు అందులో పదో వంతు తగ్గింపు ఉంది కాబట్టి 900 రూపాయలు కట్టింది. ఏజెంటుకు ఇచ్చినదానితో పోల్చుకుని మొదటి తాత లోలోపల బాధపడ్డాడు.

అపాయింట్‌మెంటు రోజున ఇద్దరు తాతలూ బయలుదేరారు. లోపలికి తల్లీబిడ్డలను మాత్రమే పంపారు. తాతలు బయట చెట్టు కింద ఒకే బల్ల మీద కూర్చున్నారు. లోపల ‘ఎ’ కౌంటరులో కాగితాలు చూశారు, నకళ్ళు స్కాన్ చేసుకున్నారు. బిడ్డ సంతకం చేయలేదు కాబట్టి వేలిముద్ర కావాలన్నారు. బిడ్డ పిడికిలి బిగించి ఉంది. తల్లి బొటనవేలిని మెల్లగా విప్పబోతే ఇంకా గట్టిగా బిగించింది. ఆమె బలవంతం చేయలేదు. పక్కకు వెళ్ళి కూర్చుని పాలిచ్చింది. కడుపు నిండాక ఆ పిడికిలి తనంత తానే వదులైంది. సిరా అంటిన ఆ వేలు కాగితం మీద కందిగింజంత ముద్ర వేసింది. బి కౌంటరులో అధికారి అసలు పత్రాలతో నకళ్ళను సరిచూశాడు. సి కౌంటరులో అధికారి ఒకసారి బిడ్డను, ఒకసారి ఫోటోను చూసి ఆమోదించాడు. తల్లిదండ్రులిద్దరికీ చెల్లుబాటయ్యే పాస్‌పోర్టులు ఉన్నందున పోలీసు విచారణ లేకుండానే పని ముందుకు సాగింది.

కొన్నాళ్ళకు స్పీడ్ పోస్టులో పాస్‌పోర్టు వచ్చింది. ముప్పై ఆరు పేజీలు, ఐదేళ్ళ గడువు. నాయనమ్మకు చదువు రాదు. అయినా ఆమె ఆ పుస్తకాన్ని, జనన పత్రాన్ని పక్కపక్కన పెట్టించి, రెంటిలో పేరు ఒకే తీరుగా ఉందో లేదో అక్షరాల ఆకారం చూసి పోల్చుకుంది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

దాని మీద వీసా వచ్చింది. ఆరు నెలలు నిండడానికి నాలుగు రోజులు ఉందనగా తల్లీబిడ్డా దుబాయి చేరారు. వాళ్ళను పంపి వచ్చిన వారం తర్వాత మొదటి తాత తన భార్య కార్డులన్నీ మూట కట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని, వాటిలో మొదటిదాన్ని దిద్దించడానికి మీసేవ మెట్లెక్కాడు.

నీతి: పసిబిడ్డ పేరు మీద పెద్దలు రాసే ప్రతి అక్షరాన్నీ ఆ తర్వాత జీవితాంతం మోయాల్సింది ఆ బిడ్డే. కాబట్టి కలం పట్టినప్పుడు మన ముచ్చటను, మన పంతాన్ని, మన తొందరను పక్కన పెట్టి, ఆ బిడ్డ నడవబోయే దారిని చూసి రాయాలి. బిడ్డ మాది అని చెప్పుకునే హక్కు ఎంతమందికైనా ఉండవచ్చు, కానీ దాని తరఫున రాసిన మాటకు పూచీ పడేవాళ్ళే దానికి నిజమైన పెద్దలు.